కరెంటు పోయినా చెడిపోని లినక్స్: మీ బోర్డుకు మీరే బిల్డ్‌రూట్‌తో కట్టుకోవడం ఎలా

"అన్నా, మళ్లీ కార్డు పోయింది." బోరు మోటార్ల దగ్గర రాస్ప్‌బెర్రీ పై అనే చిన్న కంప్యూటర్ బోర్డు పెట్టుకున్న రైతులు, ఆఖరి సంవత్సరం ప్రాజెక్టు చేస్తున్న ఇంజినీరింగ్ పిల్లలు నాకు ఫోన్ చేసి ఎక్కువగా చెప్పే మాట ఇది. ఒకరికి చెప్పిందే ఇంకొకరికి చెబుతున్నాను కాబట్టి మొత్తం ఒకచోట రాసి పెడుతున్నాను.

జబ్బు ఎక్కడుందో ముందు చెబుతాను. బోర్డుతో మామూలుగా వాడే లినక్స్ ఖాళీగా కూర్చోదు. లాగులనీ (ఏం జరిగిందో రాసుకునే చిట్టాలు), తాత్కాలిక ఫైళ్లనీ మెమరీ కార్డు మీద ఎప్పుడూ ఏదో ఒకటి రాస్తూనే ఉంటుంది. మా అనంతపురం జిల్లా పొలాల్లో త్రీఫేజు కరెంటు వచ్చే వేళ ఒకటైతే, మధ్యలో పోయి వచ్చే వేళలు పది. సరిగ్గా రాస్తున్న క్షణంలో పోయిందంటే ఫైల్ సిస్టమ్ (కార్డు మీద ఫైళ్ల అమరిక) సగంలో తెగిపోతుంది. పదిసార్లు తట్టుకుంటుంది, పదకొండోసారి లేవదు. గార్లదిన్నె వైపు ఒక చీనీ (బత్తాయి) తోటలో నేను మొదట పెట్టిన బోర్డుకు ఒక్క ఎండాకాలంలో మూడు కార్డులు పోయాయి. మూడోసారి ఆ రైతు, "ఏమప్పా, నీ పెట్టె మళ్లా పనిజేయల్యా. చెట్లకు నీళ్లెట్ల?" అన్నాడు. మే నెలలో నీళ్లు తప్పితే చీనీ చెట్టు కాయ రాలుస్తుంది. కొత్త కార్డు కొనిపెడితే ఆ నష్టం తీరదు. కార్డు మీద అసలు రాయని లినక్స్ కావాలి. అలాంటిది కట్టుకోవడానికి బిల్డ్‌రూట్ చాలు. మన బోర్డుకు కావలసిన ముక్కలతోనే లినక్స్‌ను లాప్‌టాప్ మీద కట్టిపెట్టే టూలు అది.

మొదలుపెట్టే ముందు ఒక్క ప్రశ్న వేసుకోండి. మీకు కావలసింది ఒక రిలేను (బోర్డు సిగ్నలుతో నడిచే స్విచ్చును) ఆన్, ఆఫ్ చేయడం మాత్రమేనా? అయితే లినక్స్ అక్కర్లేదు, ఈఎస్‌పీ32 అనే చిన్న కంట్రోలరు చాలు, ధర కూడా తక్కువ. కెమెరా, 4జీ డాంగిల్, నెలల తరబడి రికార్డు, పైథాన్ ప్రోగ్రాము, వీటిలో ఏదైనా కావాలంటేనే కింద రాసిన పనికి దిగండి.

కావలసినవి

బోర్డు: నేను రాస్ప్‌బెర్రీ పై 3తో చెబుతాను. పై 4కైనా, బీగిల్‌బోన్ బ్లాక్‌కైనా పద్ధతి ఇదే, బోర్డు పేరు మారుతుంది, బీగిల్‌బోన్‌కైతే కింద చెప్పే పిన్నులు, లైట్లు, బూట్ ఫైళ్లు కూడా వేరు. బీగిల్‌బోన్‌లో ఈఎంఎంసీ (కార్డు పనిచేసే మెమరీ చిప్పు) బోర్డు మీదే ఉంటుంది కాబట్టి కార్డు వదులై జారిపోయే బాధ ఉండదు.

లాప్‌టాప్: ఉబుంటు గానీ డెబియన్ గానీ ఉండాలి. 8 జీబీ ర్యామ్, కనీసం 20 జీబీ ఖాళీ జాగా చూసుకోండి.

కార్డు: 8 జీబీ మైక్రో ఎస్‌డీ చాలు. రెండు కొనండి. రెండోది ఎందుకో చివర్లో తెలుస్తుంది.

పవర్: పై 3కి 5 వోల్టులు, 2.5 ఆంపియర్లు. పై 4కి 3 ఆంపియర్లు. పాత ఫోను చార్జరు పెట్టవద్దు.

యూఎస్‌బీ సీరియల్ అడాప్టరు: సీపీ2102 లేదా సీహెచ్340 చిప్పున్నది. చాలామంది దీన్ని కొనకుండా పని మొదలుపెట్టి, స్క్రీన్ మీద ఏమీ రాక రెండు రోజులు పోగొట్టుకుంటారు. బోర్డు లేవనప్పుడు ఎందుకు లేవలేదో వివరంగా చెప్పేది ఇదొక్కటే. మన ఊళ్లో దొరక్కపోతే బెంగళూరు వెళ్లే ఎవరితోనైనా ఎస్పీ రోడ్డు నుంచి తెప్పించుకోండి.

గడియారం మాడ్యూల్: డీఎస్3231, చిన్న బ్యాటరీతో సహా.

కమాండ్లను ఇక్కడ పలికినట్టే రాస్తున్నాను. నేను ప్రత్యేకంగా చెప్పిన చోట తప్ప, టైపు చేసేటప్పుడు ఇంగ్లీషు చిన్నక్షరాల్లో కొట్టండి.

1. లాప్‌టాప్ సిద్ధం చేయండి

ఆప్ట్‌తో ఇవి వేసుకోండి: బిల్డ్-ఎసెన్షియల్, లిబ్‌ఎన్‌కర్సెస్-డెవ్, గిట్, ఆర్‌సింక్, బీసీ, సీపీఐఓ, అన్‌జిప్, డబ్ల్యూగెట్, ఫైల్. మెనూ తెరవగానే ఎన్‌కర్సెస్ లేదని ఆగిపోతే, ఈ జాబితాలో రెండోది మరిచిపోయారన్నమాట.

ఇక్కడే మూడు జాగ్రత్తలు. బిల్డ్‌రూట్‌ను రూట్ యూజరుగా (అన్ని అధికారాలూ ఉన్న యూజరుగా) నడపవద్దు, మామూలు యూజరుగానే నడపండి. ప్రతిదానికీ సూడో తగిలించే అలవాటు ఉంటే ఇక్కడ మానుకోండి. పని ఫోల్డరు పేరులో ఖాళీలు ఉండకూడదు, "నా ప్రాజెక్టు" అని రెండు ముక్కలుగా పెట్టవద్దు. ఇక మూడోది విండోస్ లోపలే లినక్స్ నడిపే డబ్ల్యూఎస్‌ఎల్ వాడేవాళ్లకు. విండోస్ దారులన్నీ పాత్ వేరియబుల్‌లోకి వచ్చి చేరతాయి, వాటిలో "ప్రోగ్రామ్ ఫైల్స్" అనే ఖాళీ ఉన్న పేరు ఉంటుంది. దాంతో పాత్‌లో ఖాళీలున్నాయని చెప్పి బిల్డ్‌రూట్ మొదట్లోనే ఆగిపోతుంది. ఈటీసీలోని డబ్ల్యూఎస్‌ఎల్ డాట్ కాన్ఫ్ ఫైల్లో ఇంటరాప్ విభాగం కింద అపెండ్‌విండోస్‌పాత్‌ను (ఇందులో డబ్ల్యూ, పీ పెద్దక్షరాలు) ఫాల్స్ చేసి, డబ్ల్యూఎస్‌ఎల్‌ను మూసి మళ్లీ తెరవండి. పని ఫోల్డరు సీ డ్రైవులో కాకుండా లినక్స్ హోమ్ లోపలే పెట్టండి. సీ డ్రైవు మీద నెమ్మదిగా నడవడమే కాదు, పెద్దక్షరం చిన్నక్షరం తేడా దగ్గర తికమక కూడా వస్తుంది.

2. బిల్డ్‌రూట్ తెచ్చుకోండి

బిల్డ్‌రూట్ విడుదలల పేర్లు సంవత్సరం, నెల కలిపి ఉంటాయి. ఏటా ఫిబ్రవరిలో వచ్చేదే దీర్ఘకాలం మరమ్మతులు అందే విడుదల, 2025.02 లాగా. పొలంలో పెట్టే దానికి అదే తీసుకోండి. గిట్‌లో నిన్న రాత్రి మారిన కోడు మీద కట్టవద్దు. రేపు ఏదైనా చెడితే తప్పు మీదో, వాళ్లదో తెలుసుకోవడానికే ఒక వారం పోతుంది.

యోక్టో గురించి అడిగేవాళ్లకు: అదీ ఇలా లినక్స్ కట్టే టూలే, పెద్ద జట్లకు, చాలా రకాల బోర్డులు ఒకేసారి నడిపేవాళ్లకు మంచిది. ఒక్కరే కూర్చుని ఒక్క బోర్డుకు కట్టేటప్పుడు బిల్డ్‌రూట్‌తో వారంలో అయ్యే పని అక్కడ నేర్చుకోవడానికే సరిపోతుంది.

3. బోర్డు పేరు చెప్పండి

"మేక్ లిస్ట్-డెఫ్‌కాన్ఫిగ్స్" కొడితే బిల్డ్‌రూట్‌కు తెలిసిన బోర్డులన్నీ కనిపిస్తాయి. పై 3ను 64 బిట్లలో నడపాలంటే "మేక్ రాస్ప్‌బెర్రీపై3_64_డెఫ్‌కాన్ఫిగ్".

ఆ తరువాత "మేక్ మెనూకాన్ఫిగ్" తెరిచి టూల్‌చైన్ (కంపైలరు, దాని తోడు టూల్సు) దగ్గరకు వెళ్లండి. కంపైలరును కూడా తనే కట్టుకునేలా ఉంటే ఎక్స్‌టర్నల్ టూల్‌చైన్ అని మార్చి, అందులో బూట్‌లిన్ అనే కంపెనీ వాళ్లది ఎంచుకోండి. కట్టి ఉన్న కంపైలరు నేరుగా దిగుతుంది, చాలా సమయం మిగులుతుంది. సీ లైబ్రరీ జీలిబ్‌సీ పెట్టుకోండి, బయటి ప్రోగ్రాములతో తక్కువ పేచీ. ఈ నిర్ణయం ఇప్పుడే తీసుకోవాలి. తరువాత టూల్‌చైన్ మారిస్తే "మేక్ క్లీన్" చేసి మొదటి నుంచీ కట్టక తప్పదు.

4. మార్పులేమీ చేయకుండా ఒకసారి కట్టండి

ఈ మెట్టు దాటేసే వాళ్లే ఎక్కువ. అన్ని ప్యాకేజీలూ ఒకేసారి టిక్కు పెట్టి, రెండు గంటలు కట్టి, బోర్డు లేవకపోతే, తప్పు పవర్‌దో, కార్డుదో, మీ మార్పుదో ఎలా తెలుస్తుంది? ముందు ఉన్నది ఉన్నట్టు కట్టి లేపండి.

"మేక్ సోర్స్" కొడితే కావలసిన కోడంతా ముందే దిగిపోతుంది. మంచి నెట్ ఉన్న చోట, కాలేజీలోనో స్నేహితుల ఇంట్లోనో, ఇది చేసుకుంటే కంపైలింగ్ నెట్ లేకుండా ఇంట్లో చేసుకోవచ్చు. దిగినవన్నీ "డీఎల్" ఫోల్డరులో ఉంటాయి, దాన్ని ఎన్నడూ చెరపవద్దు.

తరువాత "మేక్" అంతే. పక్కన హైఫన్ జే తగిలించవద్దు. మీ ప్రాసెసరులో ఎన్ని కోర్లున్నాయో చూసి, ప్రతి ప్యాకేజీ లోపల పనిని బిల్డ్‌రూటే పంచుకుంటుంది. మొదటిసారి గంట నుంచి రెండు గంటలు పట్టవచ్చు. మధ్యలో లాప్‌టాప్ ఆగిపోతే భయపడవద్దు, మళ్లీ "మేక్" కొడితే ఆగిన చోటు నుంచి సాగుతుంది. ఏదైనా ఒక ప్యాకేజీ దగ్గర వింత తప్పు వస్తుంటే, ఆ ప్యాకేజీ పేరు పక్కన హైఫన్ డర్‌క్లీన్ పెట్టి మేక్ చేసి, మళ్లీ మొదలుపెట్టండి.

పూర్తయితే "అవుట్‌పుట్" లోపల "ఇమేజెస్" ఫోల్డరులో ఎస్‌డీకార్డ్ డాట్ ఐఎంజీ అనే ఫైలు ఉంటుంది. దాన్ని కార్డు మీద రాయాలి.

హెచ్చరిక: డీడీ కమాండుతో రాసేవాళ్లు కార్డు పెట్టక ముందు ఒకసారి, పెట్టాక ఒకసారి "ఎల్‌ఎస్‌బీఎల్‌కే" కొట్టి, కొత్తగా వచ్చిన పేరు ఏదో కళ్లారా చూడండి. ఒక్క అక్షరం తప్పయితే లాప్‌టాప్ హార్డ్‌డిస్కు మీద రాసేస్తుంది, పోయింది తిరిగి రాదు. చేతి మీద నమ్మకం లేకపోతే రాస్ప్‌బెర్రీ పై ఇమేజరులో సొంత ఇమేజ్ ఎంచుకుని రాయండి. విండోస్‌లోనూ అదే మేలు.

ఇక సీరియల్ తీగలు. బోర్డు 40 పిన్నుల వరుసలో 6వ పిన్ను గ్రౌండు, 8వది పంపేది, 10వది తీసుకునేది. బోర్డు పంపేదాన్ని అడాప్టరు తీసుకునేదానికి, బోర్డు తీసుకునేదాన్ని అడాప్టరు పంపేదానికి ఎదురెదురుగా కలపాలి. అడాప్టరు 3.3 వోల్టుల మీద ఉండాలి, 5 వోల్టుల సిగ్నలు తగిలితే ఆ పిన్ను కాలిపోతుంది. అడాప్టరు ఎర్ర తీగను కలపవద్దు, బోర్డుకు దాని పవర్ దానికి ఉంది. లాప్‌టాప్‌లో పీకోకామ్ గానీ పుట్టీ గానీ తెరిచి వేగం 115200 పెట్టండి.

పవర్ ఇచ్చాక అక్షరాలు పరుగెత్తి, లాగిన్ అడిగితే "రూట్" అని కొట్టండి, పాస్‌వర్డు ఉండదు. లోపలికి వెళ్లారంటే పునాది పడినట్టే.

లేవకపోతే బోర్డు మీద పచ్చ లైటు చూడండి. నాలుగుసార్లు మెరిసి ఆగుతూ ఉంటే స్టార్ట్ ఫైలు దొరకలేదు, కార్డు సరిగా రాయలేదని అర్థం. ఏడుసార్లయితే కెర్నెల్ (లినక్స్ అసలు గుండె) ఫైలు లేదు. సీరియల్‌లో పిచ్చి గుర్తులు వస్తే వేగం తప్పు. అసలేమీ రాకపోతే, పదిలో తొమ్మిదిసార్లు 8, 10 తీగలు ఎదురెదురుగా కాక నేరుగా కలిపి ఉంటారు.

5. ఇప్పుడు మీ మార్పులు, కొన్ని కొన్నిగా

"మేక్ మెనూకాన్ఫిగ్" మళ్లీ తెరవండి. సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో హోస్ట్‌నేమ్ మార్చండి, రూట్ పాస్‌వర్డు పెట్టండి. తప్పనిసరిగా పెట్టండి. నెట్‌వర్కు నుంచి బోర్డులోకి లాగిన్ అవనిచ్చే డ్రాప్‌బేర్ అనే చిన్న ఎస్‌ఎస్‌హెచ్ సర్వరు ఖాళీ పాస్‌వర్డును ఒప్పుకోదు. "సీరియల్‌లో వెళ్తుంది, నెట్‌వర్కులో వెళ్లట్లేదు" అనే ఫోన్లకు కారణం ఎక్కువగా ఇదే.

అక్కడే డివైస్ మేనేజ్‌మెంట్ దగ్గర డెవ్‌టీఎంపీఎఫ్‌ఎస్‌తో పాటు ఎండెవ్ ఉన్నది ఎంచుకోండి. ఇది లేకపోతే వైఫై, 4జీ డాంగిల్ డ్రైవర్లు వాటంతట అవి ఎక్కవు. వైఫై కావాలంటే ఫర్మ్‌వేర్ విభాగంలో రాస్ప్‌బెర్రీ పైకి సంబంధించిన బ్రాడ్‌కామ్ ఫర్మ్‌వేరు, నెట్‌వర్కు విభాగంలో డబ్ల్యూపీఏ సప్లికెంట్ రెండూ పెట్టాలి. ఒకటి మరిచినా వైఫై కనిపించదు.

ప్యాకేజీల్లో డ్రాప్‌బేర్, పిన్నులు నడపడానికి లిబ్‌జీపీఐఓడీ దాని టూల్సుతో సహా, ప్రోగ్రాము పైథాన్‌లో ఉంటే పైథాన్3, డిస్కు సరిచేయడానికి ఈ2ఎఫ్‌ఎస్ ప్రోగ్స్. ఇంతకు మించి "ఎందుకైనా మంచిది" అని ఏదీ చేర్చవద్దు. చేర్చిన ప్రతిదీ రేపు మీరే చూసుకోవాలి.

పైథాన్ చేర్చాక "మేక్" చివర్లో ఫైల్ సిస్టమ్‌లో బ్లాకు దొరకలేదని ఆగితే కంగారు పడవద్దు. ఫైల్ సిస్టమ్ ఇమేజెస్ మెనూలో రూట్ సైజు పెంచండి, 120 ఉంటే 250 ఎంబీ చేయండి.

ఇంకొక సంగతి చాలామందిని తిప్పలు పెడుతుంది. మెనూలో ఒక ప్యాకేజీకి టిక్కు తీసేసి "మేక్" కొడితే అది ఇమేజ్ నుంచి పోదు. బిల్డ్‌రూట్ చేర్చడం చేస్తుంది, తీసేయడం చేయదు. తీసినది నిజంగా పోవాలంటే "మేక్ క్లీన్" చేసి మొత్తం కట్టాల్సిందే. రాత్రి పడుకునే ముందు ఆ పని మొదలుపెట్టండి.

మార్పులయ్యాక కాన్ఫిగ్‌ను దాచుకోవాలి. వట్టి "మేక్ సేవ్‌డెఫ్‌కాన్ఫిగ్" కొడితే మీరు మొదట తెచ్చుకున్న రాస్ప్‌బెర్రీ ఫైలు మీదే రాసేస్తుంది. దాని పక్కన బీఆర్2_డెఫ్‌కాన్ఫిగ్ (ఇది మాత్రం అన్నీ పెద్దక్షరాల్లో) ఈక్వల్ టూ అని మీ సొంత ఫైలు దారి ఇవ్వండి.

6. మీ ఫైళ్లు ఎక్కడ పెట్టాలి

"అవుట్‌పుట్" లోపల "టార్గెట్" అనే ఫోల్డరు బోర్డు ఫైల్ సిస్టమ్ లాగే కనిపిస్తుంది. అందులో నేరుగా మార్పులు చేసేవాళ్లు ఉన్నారు. అది మీ రూట్ ఫైల్ సిస్టమ్ కాదని చెప్పడానికే బిల్డ్‌రూట్ వాళ్లు అందులో ఆ అర్థం వచ్చే పేరుతో ఒక ఫైలు పెట్టారు. అక్కడ రాసినది మొదటి "మేక్ క్లీన్"కే పోతుంది.

బిల్డ్‌రూట్ బయట ఒక ఫోల్డరు చేసుకోండి, "తోట" అనుకుందాం. దాని లోపల "ఓవర్‌లే" ఫోల్డరు, అందులో బోర్డు మీద ఉండాల్సిన తీరులోనే ఫోల్డర్లు. మీ ప్రోగ్రాము యూఎస్‌ఆర్ కింద బిన్‌లో, మొదలుపెట్టే స్క్రిప్టు ఈటీసీ కింద ఇనిట్ డాట్ డీలో. సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో రూట్ ఫైల్ సిస్టమ్ ఓవర్‌లే దగ్గర ఈ ఫోల్డరు దారి ఇస్తే ప్రతిసారీ అదే కాపీ చేసుకుంటుంది.

మొదలుపెట్టే స్క్రిప్టు పేరు పెద్ద ఎస్ అక్షరం, రెండంకెలు, ఆపై మీ పేరు. ఎస్99మోటర్ లాగా. అంకె క్రమంలోనే నడుస్తాయి. స్క్రిప్టు పనిచేయకపోతే ఈ మూడూ చూడండి:

నడిచే అనుమతి ఉందా? "సీహెచ్‌మాడ్ ప్లస్ ఎక్స్" మరిచి ఉండవచ్చు.

విండోస్ నోట్‌ప్యాడ్‌లో రాశారా? లైను చివర కనిపించని అక్షరం చేరి, ఫైలు కళ్లముందే ఉన్నా "నాట్ ఫౌండ్" అంటుంది. "డాస్2యూనిక్స్"తో మార్చండి.

ప్రోగ్రాము వెనుక నడుస్తోందా? ఒక స్క్రిప్టు ముగిస్తేనే తరువాతి దాని వంతు వస్తుంది, అన్నీ ముగిశాకే లాగిన్ వస్తుంది. మీ ప్రోగ్రాము ఆగకుండా తిరిగేదైతే లాగిన్ ఎన్నటికీ రాదు. "స్టార్ట్-స్టాప్-డీమన్"ను హైఫన్ బీతో వాడి వెనక్కి పంపండి.

7. కార్డు మీద రాతను ఆపండి

ఇంత పనీ ఈ మెట్టు కోసమే. సిస్టమ్ కాన్ఫిగరేషన్‌లో, బూట్ సమయంలో రూట్ ఫైల్ సిస్టమ్‌ను చదివే, రాసే తీరులోకి మార్చే వరుస ఒకటి ఉంటుంది. దాని టిక్కు తీసేయండి. కెర్నెల్‌కు ఇచ్చే సీఎండీలైన్ ఫైల్లో "ఆర్‌ఓ" (చదవడానికి మాత్రమే అని) చేర్చండి. "రూట్‌వెయిట్" అనే మాట అక్కడ ఉందో లేదో చూడండి. అది లేకపోతే కార్డు సిద్ధమయ్యే లోపే కెర్నెల్ వెతికి, రూట్ దొరకలేదని ప్యానిక్ అవుతుంది.

తాత్కాలిక ఫైళ్లు, లాగులు బిల్డ్‌రూట్‌లో ర్యామ్‌లోకే వెళ్తాయి, ఆ ఏర్పాటు ముందే ఉంది. కరెంటు పోతే అవి పోతాయి, పోనివ్వండి.

స్క్వాష్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ ఇంకొక దారి. అది పుట్టుకతోనే రాయడానికి వీల్లేనిది, పైగా సైజు తగ్గుతుంది. అయితే కెర్నెల్‌లో అది మాడ్యూల్‌గా ఉంటే బోర్డు లేవదు, ఎందుకంటే ఆ మాడ్యూలు ఉన్న డిస్కు తెరవడానికే అది కావాలి. "మేక్ లినక్స్-మెనూకాన్ఫిగ్"లో దాన్ని లోపలే కలిసేలా పెట్టాలి. మొదటిసారి చేసేవాళ్లు ముందు చెప్పిన పద్ధతితోనే సరిపెట్టుకోండి.

ఇది చేశాక అందరికీ ఎదురయ్యే వింత ఒకటుంది. ప్రతి రీబూటుకూ ఎస్‌ఎస్‌హెచ్ "హోస్ట్ తాళం మారింది, ఎవరో మధ్యలో ఉన్నారేమో" అని అరుస్తుంది. డ్రాప్‌బేర్ తాళాలను కార్డు మీద దాచలేక ప్రతిసారీ ర్యామ్‌లో కొత్తవి చేసుకోవడమే కారణం. తరువాతి మెట్టులో వచ్చే డేటా భాగంలో తాళాలను ఉంచి, డ్రాప్‌బేర్ కంటే ముందు నడిచే స్క్రిప్టుతో వాటిని దాని చోటికి కాపీ చేయండి. డ్రాప్‌బేర్‌ది ఎస్50 కాబట్టి మీది ఎస్45 అయితే సరి.

8. రాయక తప్పని వాటికి వేరే గది

మోటారు ఎన్ని గంటలు నడిచిందో ఎక్కడో రాయాలి కదా. దానికి కార్డు మీద, ఉన్న బూట్, రూట్ భాగాల తరువాత, మూడో భాగం చేయండి. బోర్డు ఫోల్డరులో జెన్‌ఇమేజ్ కాన్ఫిగ్ (కార్డు భాగాలు ఎలా ఉండాలో చెప్పే ఫైలు) ఉంటుంది, దాన్ని మీ "తోట" ఫోల్డరులోకి కాపీ చేసుకుని, రూట్ భాగం తరువాత 256 ఎంబీ "డేటా" భాగం చేర్చండి. ఇమేజ్ కట్టే స్క్రిప్టు కూడా కాపీ చేసుకుని, అది మీ కాన్ఫిగ్‌నే చదివేలా దారి మార్చండి. మొదటిసారి బోర్డు మీదే ఈఎక్స్‌టీ4గా ఫార్మాట్ చేయండి. ఆ తరువాత కార్డు మీద కొత్త ఇమేజ్ రాసేటప్పుడల్లా ముందు డేటాను బయటికి కాపీ చేసుకోండి.

ఈ భాగం చెడినా బోర్డు లేవాలి. అందుకే దీన్ని ఎఫ్‌ఎస్‌ట్యాబ్‌లో (బూట్‌లో వాటంతట అవి తెరుచుకునే భాగాల జాబితాలో) పెట్టకుండా నేను ఒక స్క్రిప్టులో పెడతాను. ముందు "ఈ2ఎఫ్‌ఎస్‌సీకే హైఫన్ పీ"తో సరిచూడటం, తరువాత మౌంట్, అది కాకపోతే ఒక మాట చెప్పి ముందుకు సాగడం. రికార్డు పోయినా నీళ్లు పారాలి. ప్రోగ్రాము కూడా సెకనుకొకసారి రాయకూడదు. ర్యామ్‌లో పోగుచేసి పది నిమిషాలకొక వరుస రాసి, అది నిజంగా కార్డు మీద పడేలా ఎఫ్‌సింక్ చేస్తే చాలు.

9. గడియారం, కాపలా

పై 3, పై 4 బోర్డుల్లో బ్యాటరీ గడియారం ఉండదు. నెట్ లేకుండా లేస్తే తేదీ 1970కి పోతుంది. ఉదయం ఐదింటికి మోటారు వేయాల్సిన ప్రోగ్రాముకు వేళ తెలియదు, సర్వరుతో భద్రమైన కనెక్షను కూడా సర్టిఫికెట్ తేదీ తప్పని ఒప్పుకోదు. డీఎస్3231ను ఐ2సీ పిన్నులకు కలిపి, బూట్ భాగంలోకి వెళ్లే కాన్ఫిగ్ డాట్ టీఎక్స్‌టీ ఫైల్లో ఐ2సీ-ఆర్‌టీసీ ఓవర్‌లే చేర్చండి. ఒకసారి సరైన సమయం పెట్టి "హెచ్‌డబ్ల్యూక్లాక్ హైఫన్ డబ్ల్యూ" కొట్టండి. సరిచూడటానికి నెట్ తీసేసి, పవర్ తీసి, పది నిమిషాల తరువాత పెట్టి "డేట్" చూడండి.

బోర్డు బిగుసుకుపోతే కనిపెట్టే కాపలా, వాచ్‌డాగ్, చిప్పులోనే ఉంది. 15 సెకన్లలోపు ఎవరూ పలకరించకపోతే బోర్డును అదే రీసెట్ చేస్తుంది. బిజీబాక్స్‌లోని వాచ్‌డాగ్ ప్రోగ్రాముతో మొదలుపెట్టవచ్చు. కానీ అది పలకరిస్తున్నంత మాత్రాన మీ ప్రోగ్రాము బతికి ఉన్నట్టు కాదు. కుదిరితే మీ ప్రోగ్రామే, తన పని ఒక చుట్టు పూర్తయ్యాక, పలకరించేలా రాయండి.

రిలే గురించి ఒక హెచ్చరిక. లినక్స్ లేచే ఆ కొన్ని సెకన్లలో పిన్నులు మీ మాట వినవు. పై బోర్డుల్లో 0 నుంచి 8 వరకు జీపీఐఓలు (మనం నడిపే పిన్నులు) పైకి, 9 నుంచి 27 వరకు కిందికి లాగబడి ఉంటాయి. కిందికి పడితే ఆన్ అయ్యే రిలేను రెండో గుంపుకు కలిపితే కరెంటు వచ్చిన ప్రతిసారీ మోటారు ఒక్క క్షణం కొట్టుకోవచ్చు. రిలేను బట్టి పిన్ను ఎంచుకోండి. ఆ రిలే కూడా స్టార్టరు కాంటాక్టరు కాయిలును మాత్రమే నడపాలి. మోటారు తీగలను రిలేలోకి తేవద్దు, ఉన్న స్టార్టరును, ఓవర్‌లోడ్ రక్షణను తీసేయవద్దు. త్రీఫేజు పెట్టెలో చేయి పెట్టేది ఎలక్ట్రీషియనే.

10. పొలానికి తీసుకెళ్లే ముందు

సీరియల్‌లోకి వెళ్లి "మౌంట్" కొట్టండి, రూట్ వరుసలో "ఆర్‌ఓ" కనిపించాలి. ఊరికే ఒక ఫైలు చేయబోతే "రీడ్-ఓన్లీ ఫైల్ సిస్టమ్" అని తిరస్కరించాలి. తిరస్కరించకపోతే 7వ మెట్టు సరిగా కాలేదు.

కెర్నెల్ సందేశాలు చూపే "డీమెస్గ్" (డీ, ఎం, ఈ, ఎస్, జీ) కమాండులో అండర్-వోల్టేజ్ లేదా కలిపి రాసిన అండర్‌వోల్టేజ్ అనే మాట వెతకండి. ఉంటే చార్జరో తీగో మార్చండి. ఆ లోపం ఉండగా మిగతా ఏ పరీక్షా నమ్మకూడదు.

వేడి చూడండి. సిస్ కింద క్లాస్, థర్మల్, థర్మల్_జోన్0లో టెంప్ అనే ఫైలు చదివితే వచ్చే సంఖ్యను 1000తో భాగిస్తే డిగ్రీలు. 80 దాటితే బోర్డు తన వేగం తానే తగ్గించుకుంటుంది. మన ఎండల్లో మూసిన రేకు పెట్టెలో అది ఎంతో దూరం కాదు. పెట్టెను మోటారు గది నీడ గోడకు, గాలి రంధ్రాలు కిందికి ఉండేలా బిగించండి.

అసలు పరీక్ష ఇప్పుడు. ప్రోగ్రాము నడుస్తుండగా పవర్ తీగ లాగేయండి. షట్‌డౌన్ చేయవద్దు, లాగేయండి. మళ్లీ పెట్టండి. లేచాక ప్రోగ్రాము నడుస్తోందో, డేటా వరుసలు ఉన్నాయో చూడండి. ఇలా యాభైసార్లు. కొన్నిసార్లు బూట్ మధ్యలో, కొన్నిసార్లు డేటా రాస్తున్నప్పుడు లాగండి. విసుగు పుడుతుంది, అయినా ఆపవద్దు. ముప్పై ఏడోసారి లేవని బోర్డు మీ బల్ల మీద ఆగితే ఒక సాయంత్రం పోతుంది, తోటలో ఆగితే కాపు పోతుంది.

అన్నీ సరిపోయాక కాన్ఫిగ్ ఫైలు, "తోట" ఫోల్డరు, "డీఎల్" ఫోల్డరు, బిల్డ్‌రూట్ విడుదల ఫైలు కలిపి ఒక పెన్‌డ్రైవులో దాచండి. రెండేళ్ల తరువాత ఒక్క వరుస మార్చాల్సి వచ్చినా అవే ముక్కలతో అదే ఇమేజ్ మళ్లీ కట్టగలగాలి.

ఇక ఆ రెండో కార్డు. దాని మీద కూడా ఇదే ఇమేజ్ రాసి, డేటా భాగాన్ని ఫార్మాట్ చేసి, ఒకసారి బోర్డులో పెట్టి లేపి చూసి, జిప్ కవరులో వేసి పెట్టె తలుపు లోపలి వైపు టేపుతో అంటించండి. పవర్ ఆపి, పాత కార్డు తీసి, కొత్తది పెట్టడం రైతుకు మీ ఎదుటే ఒకసారి ఆయన చేత్తోనే చేయించండి.